ఒక నది, మూడు న్యాయములు

న్యాయమనగా నేమి? అది యన్ని చోట్లను ఒక్కటియేనా, లేక దేశమునుబట్టి, కాలమునుబట్టి, పాలించువారినిబట్టి మారునదియా? ఈ ప్రశ్న పండితుల చర్చకు మాత్రమే తగినదని కొందరు తలంపవచ్చును. గోదావరితీరమున నివసించు మనకు మాత్ర మిది యింటిముందరి ప్రశ్న. కొవ్వూరు గోష్పాదక్షేత్రపు మెట్లమీద నిలుచుండి చూచినచో, ఎగువను పాపికొండలనుండి వచ్చు నీరును, దిగువను ధవళేశ్వరపు ఆనకట్టకు పోవు నీరును ఒక్కటియే. ఆ నీరు త్రాగు ప్రజలకు ధర్మాసనములు మాత్రము వేర్వేరుగ నుండెను. ఎగువ మన్యమున నొక విధమైన న్యాయము. నడుమ కొవ్వూరు, రాజమహేంద్రవరములయందు మరియొక విధము. దిగువ గౌతమీతీరమునందలి యానామున 1954వ సంవత్సరమువరకు ఫ్రెంచివారి పాలనలో మూడవ విధము. ఒకే భాష మాటలాడుచు, ఒకే నదిలో స్నానముచేయుచు, ఒకే పండుగలు జరుపుకొను జనులు మూడు శాసనములక్రింద బ్రదికిరి. న్యాయపద్ధతులను పోల్చి చూడగోరువారికి ఇంతకంటె దగ్గరి యుదాహరణము దొరకదు.

మేము న్యాయవాదవృత్తి నవలంబించి యిరువది సంవత్సరములకు పైబడినది. కావున ఈ పోలికలో మేము కేవలము ప్రేక్షకులము కాము. మావలన జరిగిన తప్పొకటి యిందు చెప్పవలసియున్నది. దానిని తగినచోట చెప్పెదము.

మొదట మన పూర్వుల పద్ధతిని చూతము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర దక్షిణదేశమున శతాబ్దములకొలది ప్రమాణగ్రంథమై యుండెను. దానిని పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. ధర్మశాస్త్రము తెలుగువారికి తెలుగుననే చేరవలెనను కోరిక యంత ప్రాచీనమైనది. ఆ స్మృతిప్రకారము వ్యవహారమునకు నాలుగు పాదములు: వాది చెప్పుకొను అభియోగము, ప్రతివాది యుత్తరము, రుజువు, నిర్ణయము. ఇందొక నియమము మిక్కిలి గమనింపదగినది. వాది చెప్పినదానిని ప్రతివాది యెదుటనే వ్రాయవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఎవనిమీద నేరము మోపబడుచున్నదో వాడక్కడ నిలిచి, వినుచుండగా, వ్రాత జరుగవలెను. కుటుంబములును, వృత్తిసంఘములును, ఊరిజనుల కూటములును, వాని పైని రాజు నియమించిన సభయును తగవులు తీర్చుటకు క్రమముగ నేర్పడియుండెను. సామాన్యుని తగవు సాధారణముగ వానిని ఎరిగినవారియొద్దనే, వాని మాటలలోనే నడిచెడిది.

ఇంతవరకు కొనియాడదగినదే. కాని నిజమును దాచుట దేశభక్తి కానేరదు. అదే స్మృతి, పత్రము, అనుభవము, సాక్షి లేనపుడు దివ్యములను విధించెను. తుల, అగ్ని, జలము, విషము, కోశము అని యవి యైదు. స్త్రీలకును, బాలురకును, వృద్ధులకును, రోగులకును, బ్రాహ్మణునకును త్రాసు. శూద్రునకు నిప్పో, నీరో, విషమో. నోటితో చెప్పిన సత్యమును నమ్మజాలక చేతిమీది బొబ్బను నమ్ముట యొక దోషము. ఆ బొబ్బయైనను కులమునుబట్టి పంచుట మరియొక దోషము. వినుట మొదటి నియమముగ పెట్టుకొన్న శాస్త్రమే, వినవలసిన మనుష్యులలో ఎక్కువతక్కువ లేర్పరచి తన నియమమును తానే చెరుపుకొనెను.

తరువాతి కాలమున గోల్కొండవారి పాలనతో ఈ తీరమునకు కాజీల న్యాయము వచ్చెను. ఇరువురి మాటలు వినక తీర్పు చెప్పరాదని ప్రవక్త అలీగారికి ఉపదేశించినట్లు ఇస్లాము సంప్రదాయము చెప్పుచున్నది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తరసర్కారులు ఇంగ్లీషు కుంపిణీచేతికి వచ్చెను. 1802 నాటి నిబంధనలతో జిల్లాన్యాయస్థానము లేర్పడెను. 1816లో మన్రోగారి ప్రేరణమున గ్రామమునసబులును, గ్రామపంచాయతులును చట్టమున చేర్పబడెను. ఇంగ్లీషువారి న్యాయమునకును మూలసూత్రము అదియే. 1723లో ఇంగ్లండు దేశమున ఒక న్యాయాధిపతి, ఆదాము చేసిన తప్పు సర్వజ్ఞుడైన దేవునికి తెలిసియే యున్నను, ముందుగా వానిని పిలిచి యడిగిన పిమ్మటనే శిక్ష విధించెనని చెప్పి, విచారింపక యిచ్చిన శిక్షను కొట్టివేయుటను సమర్థించెను.

ఇట్లు మూడు మతముల, మూడు దేశముల పెద్దలు ఒక్క మాటయే చెప్పిరి. ఎదుటివానిని వినుము. ఇంత యేకాభిప్రాయ మున్న చోట అన్యాయమున కెడమెక్కడిది? దానికి సమాధానము మన నది యెగువననే దొరకును.

1879వ సంవత్సరము మార్చినెలలో రంపదేశమున కొండజనులు తిరుగబడిరి. మన్సబుదారు పెట్టిన బాధలును, కల్లుమీది చిగురుపన్నును, పోలీసుల దౌర్జన్యమును దానికి కారణములని మనము వినుచుందుము. అవి నిజమే. కాని ప్రభుత్వమువారి విచారణలో తేలి, గోదావరిజిల్లా గెజిటీరునందును చేరిన కారణము మరియొకటి కలదు. అది న్యాయస్థానము. పల్లపుసీమ వర్తకులు కొండకు పోయి యప్పులిచ్చి, ఒడంబడికలు వ్రాయించుకొని, పిమ్మట పల్లపుకోర్టులలో దావాలు వేసెడివారు. కొండవానికి ఆ కాగితపు భాష తెలియదు. కోర్టున్న ఊరు తెలియదు. వాయిదా యనగా నేమో తెలియదు. వాడు రాలేదు కావున ఏకపక్షపు డిక్రీ యిచ్చెడివారు. తరువాత అమీనా వచ్చి పశువులను, ధాన్యమును తోలుకొని పోయెడివాడు. 5 రూపాయల బాకీక్రింద నూరు రూపాయల సొత్తు పట్టుకొనిపోయిన సంగతికూడ ఆ విచారణలో వెల్లడియయ్యెను.

ఈ స్థలమున కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆ డిక్రీ యిచ్చిన న్యాయాధికారి లంచము తిన్నాడని ఎవ్వరును చెప్పలేదు. వాది పత్రము చూపెను. సమను పంపబడెను. ప్రతివాది రాలేదు. చట్టమునుబట్టి ఆ డిక్రీలో అక్షరమాత్రము దోషము లేకపోవచ్చును. రాజమహేంద్రవరపు సాహుకారునకును, రంప కొండరెడ్డికిని ఒకే చట్టము, ఒకే గడువు, ఒకే భాష, ఒకే రుసుము. ఇది సమానత్వమే కదా? సమానత్వమే! ఈతవచ్చినవానిని, రానివానిని ఒకే లోతున దింపినట్టి సమానత్వము. న్యాయమునకు తావు లేక పోయిన ఆ కొండవాడు న్యాయస్థానమును దోపిడికానిగ నెంచి, దానిని నడపు ప్రభుత్వముమీదనే తిరుగబడెను. 1922లో అల్లూరి సీతారామరాజు మన్యమున కోర్టులకు పోవలదనియు, తగవులు పంచాయతులలో తీర్చుకొనవలసినదనియు బోధించినపుడు ఆ మాట జనులకు అంత సులభముగ నాటుటకు నేల ముందే దున్నబడియుండెను.

పాలకులును ఈ పాఠమును కొంతవరకు నేర్చిరి. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల శాసనము ననుసరించి మన్యమును సాధారణన్యాయస్థానముల పరిధినుండి తప్పించి, కలెక్టరునే ఏజెంటుగ నియమించి, విచారణపద్ధతిని సులభపరచిరి. 1917లో వచ్చిన ఏజెన్సీ వడ్డీ, భూమిబదలాయింపుల చట్టము, కొండజాతివారినుండి రాబట్టు మొత్తపు వడ్డీ అసలును మించరాదనెను. అప్పు రెట్టింపునకు మించి పెరుగరాదనునది మన స్మృతులలోని ప్రాచీనవిధియే. మాన్యులైన పాశ్చాత్యశాసనకర్తలు ఎంతో దూరము నడచి మనుస్మృతి చెప్పినచోటికే వచ్చుట విచిత్రము. స్వాతంత్ర్యానంతరము 1959 నాటి భూమిబదలాయింపు నిబంధనయు, దానికి 1970లో జరిగిన సవరణయు ఇంకను ముందునకు పోయెను. మన్యమున గిరిజనేతరునిచేతనున్న భూమి, అట్లు కాదని వాడు రుజువు పరచువరకు, గిరిజనునినుండి వచ్చినదిగనే భావింపబడును. నోరులేనివాడు రుజువు తేలేడు గనుక, రుజువుభారమును నోరున్నవానిమీద మోపిరి. 1997లో సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ రక్షణను గనులకంపెనీలకుకూడ వర్తింపజేసెను.

కాని ఏజెన్సీన్యాయమున దోషము లేదని యెవ్వరును భ్రమపడరాదు. పన్ను వసూలుచేయు అధికారియే న్యాయాధిపతియైనపుడు, ఆ యధికారిమీదనే ఫిర్యాదున్నవా డెక్కడికి పోవలెను? మంచి దొర వచ్చినచో మంచి న్యాయము, చెడ్డదొర వచ్చినచో దొరతనమే న్యాయము. పల్లపుకోర్టున మనిషిని చూడని చట్ట ముండెను. కొండమీద చట్టము అంతగ కట్టుబడని మనిషి యుండెను. రెంటిలో ఏది మేలను ప్రశ్నకు, వినువాడెవడో తెలిసినగాని, మేము బదులు చెప్పజాలము.

ఇక దిగువకు పోదము. యానామున ఫ్రెంచివారు 1819 నాటి శాసనముతో, భారతీయులకు వారి వారి ఆచారధర్మములచొప్పుననే వ్యక్తిగతవిషయములందు తీర్పు చెప్పుదుమని మాట యిచ్చిరి. 1881లో, కోరినవారు తమ యాచారధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిక్రిందికి రావచ్చునని మరియొక ద్వారము తెరచిరి. ఇంగ్లీషుపద్ధతిలో ఇరుపక్షములవారును వాదింపగా న్యాయాధిపతి పందెపుమధ్యస్థునివలె కూర్చుండును. ఫ్రెంచిపద్ధతిలో నేరవిచారణయందు న్యాయాధిపతియే ప్రశ్నించును, సాక్ష్యము కూర్చును. బలహీనుడైన కక్షిదారునకు రెండవదియే మేలని వాదించుటకు అవకాశము కలదు. తన పక్షమున గట్టి వకీలు లేకున్నను, న్యాయాధిపతియే యడుగును గదా!

అయినను ఇట్టి న్యాయముక్రిందనే ఒక ఘోరమైన యన్యాయము నడచెను. దానిని నడపినవారు ఫ్రెంచివారు కారు, మనవారు. 1929లో శారదాశాసనము వచ్చి, 1930 ఏప్రిలు 1వ తేదినుండి ఇంగ్లీషిండియాలో పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట శిక్షార్హమయ్యెను. ఆ శాసనము యానామున చెల్లదు. అంతట మన గోదావరిసీమ గృహస్థులు, చదువుకొన్నవారు సైతము, పసిపిల్లలను వెంటబెట్టుకొని యానామునకు పోయి పెండ్లిండ్లు చేసికొని వచ్చిరి. ఆ యూరికి కల్యాణపురమను వాడుకపేరుకూడ వచ్చెనని చెప్పుదురు. ఎల్ల దాటగానే పాపము పుణ్యమయ్యెనా? ఏటి కీవల తప్పైనది ఆవల తప్పు కాకపోయెనా? ఆ తండ్రులకు శాసనమేమో తెలియును. తెలిసియుండుటచేతనే ప్రయాణపుఖర్చు పెట్టుకొనిరి. ఆ పెండ్లిలో ఒక్క మనిషిని మాత్రము ఎవ్వరును ఏమియు అడుగలేదు. ఆమె వయస్సు తొమ్మిదేండ్లో, పదియేండ్లో.

రంప కొండరెడ్డికిని, యానాము పెండ్లిపీటలమీది బాలికకును ఒక సంబంధము కలదు. మొదటివానిపై శాసనము వచ్చిపడెను. రెండవదానికి శాసనము అందకుండ పోయెను. మొదటిది ఒకే చట్టము అందరికి వర్తించుటవలన జరిగిన కీడు. రెండవది వేర్వేరు చట్టము లుండుటవలన జరిగిన కీడు. కావున చట్టము ఒక్కటిగ నుండుటవలననే న్యాయము కలుగునని గాని, వేర్వేరుగ నుండుటవలననే కలుగునని గాని చెప్ప వీలులేదు. ఇరువురకును సమానమైన దుఃఖ మొక్కటియే. తమ బ్రదుకునుగూర్చి నిర్ణయము జరుగుచుండగా వారి మాట ఎవ్వరును వినలేదు.

మంచి శాసనమున్నంతమాత్రమున చాలదనుటకు మూడవ నిదర్శనము మన రాజమహేంద్రవరమే. వితంతువుల పునర్వివాహమును చట్టసమ్మతము చేయు శాసనము 1856లోనే వచ్చెను. వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదిన. నడుమ ఇరువదియైదు సంవత్సరములు ఆ శాసనము ఈ తీరమున పుస్తకములలో నిద్రించెను. బాలవితంతువు గదిలోని మాటను చెవియొగ్గి విను పెద్దమనిషి యొకడు దొరకువరకు దానికి ప్రాణము రాలేదు. ఆ పంతులుగారే వ్యవహారధర్మబోధిని యను ప్రహసనమున వకీళ్ల, కచేరీల దురాచారములను బట్టబయలు చేసిరి. సంస్కారము పెండ్లిపందిటిలోనే కాక కచేరీ యరుగుమీదకూడ కావలెనని వారెరుగుదురు.

ఇప్పుడు మా మాట చెప్పెదము. మేము వృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో ఒక వడ్డీవ్యాపారి పక్షమున ప్రామిసరీనోటుమీద దావా వేసితిమి. ప్రతివాది లంకగ్రామపు స్త్రీ, భర్త లేడు, కోతలపనికి పరగ్రామము పోయియుండెను. సమను ఇంటితలుపునకు అంటింపబడెను. ఆమె రాలేదు. ఏకపక్షపు డిక్రీ వచ్చెను. ఆమె పేరనున్న కొద్దిపాటి మెరకపొలము జప్తునకు వచ్చెను. ఆనాడు మేము మా ప్రయోజకత్వమునకు మురిసితిమి. కొన్నిదినములకు ఒక యుదయమున ఆమెయే మా యింటియరుగుమీదికి వచ్చెను. ఇంటిచూరున దోపియుంచిన కాగితమును విప్పి, “అయ్యగారూ, ఇందులో ఏముందండి? మీరు చదువుకున్నోరు, కాస్త చదివి చెప్పండి బాబూ” అని యడిగెను. ఆ కాగితము క్రింద నున్నది మా సంతకమే. తన పొలమును పట్టించిన వకీలు మేమే యని యామెకు తెలియదు. ఊరిలో చదువుకొన్నవారి యిల్లని ఎవరో చూపగా వచ్చినది.

మేము సిగ్గుతో తలవంచుకొంటిమి. ఎదుటిపక్షపు వకీలుము గనుక ఆమెకు సలహా చెప్పరాదని వృత్తిధర్మము. కావున నిజము చెప్పి, న్యాయసేవాసంఘమువారియొద్దకు పొమ్మని దారి చూపితిమి. 1987 నాటి శాసనముచేత స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితన్యాయసహాయము కలదు. వారు అర్జీ పెట్టిరి. మేము దాని నెదిరింపకుండ మా కక్షిదారుని ఒప్పించితిమి. ఏకపక్షపు డిక్రీ కొట్టివేయబడి విచారణ జరిగెను. పాఠకులు ఆమె యప్పు అబద్ధమని తేలియుండునని తలంచుచుందురు. అట్లు జరుగలేదు. అప్పు నిజమే, మొత్తమును ఇంచుమించు అదియే. ఆమెయే కోర్టులో ఒప్పుకొనెను. కాని తన సంపాదన యెంతో, కోత లెన్నడో ఆమె చెప్పుకొనగా న్యాయాధికారి వాయిదాలమీద చెల్లింపుమనెను. పొలము నిలిచెను, బాకీయు తీరెను, వ్యాపారి సొమ్ము ఎక్కడికిని పోలేదు.

రెండు డిక్రీలలోని అంకె యొక్కటియే. అయినను మొదటిది అన్యాయమనియు, రెండవది న్యాయమనియు మా యంతరాత్మ నిస్సంశయముగ చెప్పుచున్నది. ఏలన, మొదటి తీర్పు సొమ్మునుగూర్చి మాత్రమే తెలిసికొని చెప్పబడెను. రెండవది ఆ సొమ్ము తీర్పవలసిన మనిషిని చూచి చెప్పబడెను. వినుట సత్యమును కనుగొనుటకు సాధనమని మాత్రమే మేము చదువుకొన్నప్పుడు నేర్చుకొంటిమి. సత్యము ముందే తెలిసియున్నను వినవలసియే యున్నదని ఆ స్త్రీ మాకు నేర్పెను. ఆదామును పిలిచిన కథలోని యర్థ మదియే కదా!

దీనికి ఆక్షేపణ కలదు. ప్రతివాది వచ్చువరకు కాచుకొని కూర్చుండినచో మోసగాండ్రందరును రాకయే తప్పించుకొందురు. ఇప్పటికే ఈ దేశపు క్రిందికోర్టులలో నాలుగు కోట్లకు పైబడి వ్యాజ్యములు పేరుకొనియున్నవి. ఆలస్యమును అన్యాయమే కదా యని. ఈ యాక్షేపణలో నిజమున్నది. ఏకపక్షపు డిక్రీని రద్దుచేయవలెనని మేము చెప్పుట లేదు. రాగలిగియు రానివాడు వేరు, రాజాలనివాడు వేరు. ఈ భేదమును చట్టము ఎరుగును. సమను అందలేదని చూపినవానికి తలుపు తెరచియే యుంచినది. ఆ తలుపున్నదని వానికి చెప్పువా డెవడన్నదే ప్రశ్న. లోకదాలతులవలన త్వరితపరిష్కార మగుచున్నది, సంతోషమే. కాని అక్కడి రాజీమీద అప్పీలు లేదు. అర్థముకాని కాగితముమీద వ్రేలిముద్ర వేయించుటకూడ రాజీయే యైనచో, రంపకథ తిరిగి మొదలైనట్లే.

భాషవిషయము మరియొకటి. 1966 నాటి అధికారభాషాశాసనము తెలుగునకు పీట వేసెను. 2023లో తెలంగాణ ఉన్నతన్యాయస్థానమున ఒక ధర్మాసనము తెలుగున తీర్పు వెలువరించగా అది వార్తయయ్యెను. తెలుగువారి తగవున తెలుగుతీర్పు వార్తయగుట మనకు గర్వకారణమా, విచారకారణమా? 2024 జులై 1వ తేదినుండి శిక్షాస్మృతి పేరు మారినది, సెక్షనుల సంఖ్యలు మారినవి. లంకగ్రామపు చూరులో దోపిన కాగితము మాత్రము ఇప్పటికిని చదివిపెట్టువానికొరకే కాచుకొనియున్నది.

సోదరులారా, శాసనముల నన్నిటిని మార్చు శక్తి మనకు లేదు. కాని అప్పిచ్చువారు మనలోనివారు. దావా వేయించువారు మనలోనివారు. వేయు వకీళ్లము మేము. దావాకు ముందు ఒకమారు ఎదుటివాని యింటికి పోయి, వాని భాషలో సంగతి చెప్పి, వాడు చెప్పునది విని వచ్చుట ఏ చట్టమును నిషేధింపలేదు. సమను ఎవరికైన వచ్చినదని తెలిసినపుడు చదివి చెప్పుటకు పట్టా యక్కరలేదు. మన యింటి యాడపిల్ల వివాహవిషయమున ఆమెను ముందుగ అడుగుటకు 2006 నాటి శాసనముకొరకు కాచుకొనవలసిన పనియు లేదు. వాది చెప్పినది ప్రతివాది యెదుట వ్రాయుమని చెప్పిన ఋషియు, ఇరువురిని వినుమన్న ప్రవక్తయు, ఆదామును పిలిచిన దేవుని కథయు మనలను ఇంతకంటె కఠినమైన పనిని అడుగుట లేదు.

గోష్పాదరేవున మేము సాయంకాలము నిలుచున్నపుడు, ఎగువనుండి పడవలలో వచ్చినవారును, దిగువకు పోవువారును ఒకే మెట్టుమీద దిగి కాళ్లు కడుగుకొనుట చూచుచుందుము. వారిలో ఎవని చేతిలోనైన మడిచిన కాగితము కనబడినచో, ఇప్పుడు మేమే దగ్గరకు పోయి, “ఏమి కాగితము, బాబూ?” అని యడుగుచున్నాము.